లస్కరు సాంబయ్య గారి మీద పడ్డ మెమో

“ఊట తేటగా ఉందా, బురదగా ఉందా?” అని అడిగారు సాంబయ్య గారు.

“తేటగానే ఉందండి బాబాయ్ గారూ,” అన్నాను.

“అయితే పో. పోయి అన్నం తిను.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను ఇంటికొచ్చి అన్నం తిన్నాను. మర్నాడు పొద్దున నేను కరకట్ట మీద ఉండగానే కబురు వచ్చింది. పెద్దకర్మ నాడు ఆయన కూతురు అందరినీ కూర్చోబెట్టి, నాన్న గురించి తెలిసినవాళ్లు తలా నాలుగు మాటలు రాసివ్వండి, చిన్న పుస్తకం వేయించి పంచుతాను అంది. ఆ అమ్మాయి విజయవాడలో టీచరు. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. అందుకని నేను చెబుతుంటే మా అన్న కూతురు సుజాత రాస్తోంది. పుస్తకం చేతికొచ్చిన వాళ్లలో సగం మందికి ఆయన ఎవరో తెలియదు కాబట్టి మొదటినించీ చెబుతాను.

మా ఊరు కంకిపాడు నించి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఉంటుంది. ఏటికీ ఊరికీ మధ్య కరకట్ట ఉంది. వరద వస్తే నీళ్లు ఊళ్లోకి రాకుండా ఆపేది ఆ మట్టి కట్టే. దానికి కాపలా ఉండే మనిషే లస్కరు. నీటిపారుదల ఉద్యోగాల్లో అందరికన్నా కింది ఉద్యోగం అది. సాంబయ్య గారికి ఆరు కిలోమీటర్ల కట్ట అప్పజెప్పారు. పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుని, ఒక చేతిలో వెదురు కర్ర, ఇంకో చేతిలో కొడవలి పట్టుకుని బయలుదేరేవారు. పది అడుగులకొకసారి కర్రతో కట్టని పొడిచి చూసేవారు. కర్ర దిగబడితే లోపల పందికొక్కు బొరియ ఉన్నట్టు. అక్కడే కూర్చుని మట్టి కూరి, మడమతో తొక్కి, లేచేవారు. ఊళ్లో వాళ్లు నవ్వేవారు. “సాంబయ్యా, కట్టకి సూదులేస్తున్నావా? జొరమేమన్నా వచ్చిందా దానికి?” అనేవారు. “వస్తే ముందు నీకే తెలుస్తదిలే, నీ ఇల్లే పల్లంలో ఉంది,” అనేవారు ఆయన.

మా ఆయన ట్రాక్టరు తోలేవాడు. పొలం గట్టు మీద ట్రాక్టరు తిరగబడి పోయాడు. అప్పటికి మా పిల్ల రెండో తరగతి. అప్పటిదాకా మేము ఉన్న తాటాకిల్లు మా బావగారి స్థలంలో ఉండేది. ఖాళీ చేయమన్నారు. నేను ఇళ్లు కట్టే చోట తట్టలు మోసే పనికి పోతూ, నా చేతుల మీద ఎన్ని ఇళ్లు లేస్తున్నాయి, నాకూ పిల్లకీ ఒక గది లేవదా అనుకునేదాన్ని. ఆ అనుకోవడంలోనే కట్ట లోపల, అంటే ఏటి వైపు, రెండు సెంట్లు కొన్నాను. చవక. కాగితాలున్న భూమే, నిన్నటిదాకా అరటి వేసిన చేలే. అమ్మినాయన “పట్టా ఉంది, నిన్నెవడు అడుగుతాడు?” అన్నాడు. నేను పనిచేసే మేస్త్రీ చేతే పునాది తీయించాను. మూడు వరసలు రాయి లేచింది.

నాలుగో రోజు సాంబయ్య గారు వచ్చి పునాది చుట్టూ తిరిగారు.

“అమ్మాయ్ రత్నం, ఇది ఏరు పడుకునే చోటు. ఇక్కడ అరటి వేసుకో, పాక వేసుకో. గోడ లేపకూడదు. రూలు ఒప్పుకోదు.”

“ఏరు ఎక్కడుందండి? అరమైలు అవతలుంది.”

“ఇవాళ అక్కడుంది. దాని మంచం ఇక్కడిదాకా ఉంది. గోడ కడితే వచ్చే నీళ్లని గోడ ఆపుద్ది. ఆగిన నీళ్లు పక్కకి తిరిగి కట్టని కొట్టుకుంటాయి. కట్ట తెగితే నీ ఒక్కదాని ఇల్లు కాదు పోయేది.”

“మరి ఆ మేడో?” అన్నాను. మా పునాదికి కూతవేటు దూరంలో ఎవరో పెద్దమనిషి రెండంతస్తుల మేడ కట్టుకుని, చుట్టూ గోడ పెట్టి, గేటుకి కుక్కని కట్టాడు.

“దాని గురించీ రాశాను. మూడుసార్లు రాశాను. అది కదల్లేదు.”

“నాది కదులుతుందా?”

“కదులుద్ది,” అన్నారు. “అందుకే రాసే ముందు నీకు చెప్పిపోదామని వచ్చాను. రాయైనా తీసి దాచుకో.”

నేను తీయలేదు. నోటీసు వచ్చింది, తర్వాత మిషను వచ్చింది. అది నా పునాదిని పెకలించినంతసేపూ సాంబయ్య గారు దూరంగా నిలబడే ఉన్నారు, పారిపోలేదు. నేను ఆయన మొహం మీదే మట్టి దుమ్మెత్తి పోశాను. నా నోటికి రాని తిట్టు లేదు. ఆయన భుజం మీద తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు, మట్టి పడి. ఆ సాయంత్రం మేడాయన కుక్క ఎప్పటిలాగే గేటు దగ్గర మొరిగింది.

తర్వాత పంచాయతీ వాళ్లు కట్టకి ఇవతల, ఊరి వైపు, నాకు సెంటున్నర చూపించారు. సాంబయ్య గారే రోజూ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఆవిడ పునాది నా రాత వల్ల పోయింది, ఆవిడకి చోటు చూపించండి అని అడిగారని నాకు చాలాకాలం తెలియదు. ఆ చోటు పల్లం. చినుకు పడితే మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. మెరకకి ట్రాక్టర్ల మట్టి కావాలి.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. మా ఊళ్లో ఆడవాళ్లు పొయ్యి వేసుకోవాలన్నా, నేల అలుక్కోవాలన్నా కట్ట మట్టే తెచ్చుకునేవారు. జిగురుగా ఉంటుంది, ఆరితే పగలదు. మా అత్తగారు తెచ్చేది, వాళ్ల అత్తగారూ తెచ్చిందట. తలా ఒక తట్ట. అదొక తప్పని ఎవరికీ తోచేది కాదు. నాకూ తోచలేదు. అంత పెద్ద కట్టకి ఒక తట్ట లెక్కా అని మొదలుపెట్టాను. ఊరి వైపు వాలులో తుమ్మ చెట్ల చాటున, పని లేని మధ్యాహ్నాల్లో, పార పట్టుకుని తవ్వాను. ఇరవై రోజులు తవ్వి మోశాను. నా స్థలం మోకాలెత్తు లేచింది. కట్టలో మనిషి దూరే గుంట పడింది.

సాంబయ్య గారికి కనపడకుండా ఉంటుందా? ఒక రోజు నేను తట్ట నింపుతుంటే వెనక నించి “రత్నం” అన్నారు. నా చేతిలో పార ఆగిపోయింది. అరుస్తారనుకున్నాను. ఆయన గుంట పక్కన గొంతుక్కూర్చుని, నా చెయ్యి పట్టుకుని లోపలి మట్టి మీద పెట్టారు.

“ఎలా ఉంది?”

“చల్లగా ఉందండి.”

“తడి. కట్టకి అవతల ఏటి పాయలో నీళ్లు నడుంలోతు కూడా లేవు. అప్పుడే తడి ఇక్కడికొచ్చింది. ఏరు నిండితే?”

నేను వెనక్కి తిరిగి చూశాను. నా కొత్త ఇంటి స్థలం ఆ గుంటకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఏటి లోపల గోడ లేపొద్దన్నందుకు మనిషిని తిట్టిపోసి, ఇవతలికొచ్చి నా నెత్తి మీదికి నేనే దారి తవ్వుకున్నాను.

“ఎక్కడి మట్టి అక్కడికి రావాలి. జానెడు జానెడు పోసి, దిమ్మిస వేసి గట్టి చేద్దాం. మొత్తం ఒక్కసారి పోస్తే అతకదు,” అన్నారు.

మర్నాటి నించి నేను మోశాను, ఆయన దిమ్మిస కొట్టారు. యాభై ఐదు దాటిన మనిషి, ఆ బరువు ఎత్తి వేస్తుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. “నేను వేస్తానండి,” అంటే, “నువ్వు తవ్విందానివి. నీ దెబ్బ గట్టిగా పడదు,” అని ఎగతాళి చేసేవారు. నాలుగో రోజుకి సగం పూడింది. ఐదో రోజు జీపు వచ్చింది.

దిగినాయన కొత్త ఇంజనీరు. గుంట చూసి మొహం ఎర్రబడింది. “ఎవరు తవ్వారయ్యా ఇది?” అన్నారు. నేను నెత్తి మీద తట్టతో అక్కడే నిలబడి ఉన్నాను.

“తెలీదండి. నేను సరిగ్గా చూసుకోలేదండి,” అన్నారు సాంబయ్య గారు.

“ఇరవై తట్టలు కాదు, బండ్ల కొద్దీ పోయింది. ఆరు కిలోమీటర్లు నడుస్తున్నానని రోజూ రాస్తున్నావు. కళ్లు మూసుకుని నడుస్తున్నావా? ఈమె ఎవరు?”

“పూడ్చడానికి కూలికి పెట్టానండి.”

ఇంజనీరు గారు నా వైపు చూసి, “బాగా మొయ్యమ్మా. త్వరగా పూడ్చాలి,” అన్నారు. నేను తల ఊపాను. తట్ట దింపి, నేనేనండి అని ఒక్క మాట అంటే అయిపోయేది. నా కళ్ల ముందు మళ్లీ మిషను కనిపించింది, మా పిల్ల కనిపించింది. తట్ట గుంటలో కుమ్మరించి ఇంకో తట్ట కోసం వెనక్కి తిరిగాను.

విధుల్లో అశ్రద్ధ అని సాంబయ్య గారికి మెమో ఇచ్చారు. సముద్రం వైపు ఎక్కడో మురుగుకాలవ మీదికి బదిలీ చేశారు. ఆయన ఒక్కరే వెళ్లి ఒక షెడ్డులో ఉండేవారు. ఇక్కడ ఆయన భార్యని బావి దగ్గర అందరూ “మీ ఆయన కట్ట మీద నిద్రపోయాడంటగా” అని అడిగేవారు. అడిగినవాళ్లలో నేను లేను గానీ, పక్కనే బిందె పెట్టుకుని నిలబడ్డవాళ్లలో ఉన్నాను.

ఆయన బదులు వచ్చినవాడు మోటారుసైకిలు మీద కట్ట చివరిదాకా పోయి వచ్చేవాడు. మోటారుసైకిలుకి బొరియలు ఏం తెలుస్తాయి? నాకు నిద్ర పట్టేది కాదు. చివరికి నేనే ఒక వెదురు కర్ర కొట్టుకుని, పనికి పోయే ముందు మా స్థలం ఎదుటి ముక్క పొడిచి చూసి పోవడం మొదలుపెట్టాను. జనం నన్నూ నవ్వారు.

రెండో ఏడు వరద వచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారని మైకులో చెప్పిన మధ్యాహ్నానికి ఏరు కట్టని ఆనుకుంది. నేను నా గుంట దగ్గరే కూర్చున్నాను. పూడ్చిన చోటుకి కిందగా ఊట మొదలైంది. ఊట తేటగా ఉంటే భయం లేదు, కట్ట నీళ్లని వడగడుతోందని అర్థం. బురదగా వస్తే కట్ట లోపల కరుగుతోందని అర్థం. దిమ్మిస వేస్తూ సాంబయ్య గారే చెప్పారు. దోసిట్లో పట్టి చూశాను. మొదట తేటగా ఉంది. కాసేపటికి దోసిలి అడుగు కనపడలేదు. వీధిలోకి పరిగెత్తి కేకలేశాను. నవ్వినవాళ్లే ఇసుక బస్తాలు మోశారు. ఊట చుట్టూ బస్తాలు పేరుస్తూ పోయాం. సాయంత్రానికి నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. కట్ట నిలిచింది. మేడలోకి ఒక అంతస్తు ఎత్తున నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మేడాయన మళ్లీ రంగులేయించుకున్నాడు. మేడ ఇంకా ఉంది.

సాంబయ్య గారు తిరిగొచ్చి, రిటైరయ్యాక కూడా రోజూ నా చేత కట్ట సంగతులు చెప్పించుకునేవారు. నడవలేని రోజుల్లో ఆ ఆరు కిలోమీటర్లూ నా నోటితోనే నడిచారు. ఒకసారి ధైర్యం చేసి, “ఆ రోజు నేను చెప్పాల్సిందండి,” అన్నాను.

“చెబితే నీ మీద కేసు. నాకు ఎటూ మెమో తప్పదు, నా కట్టేగా. ఊరుకో.”

“ఇంట్లోనన్నా చెప్పకపోయారా?”

“మా ఆవిడకి చెబితే బావి దగ్గర నీ జుట్టు మిగిలేదా?” అని నవ్వారు. ఆవిడ కూడా ఆ సంగతి తెలియకుండానే పోయింది.

పెద్దకర్మ నాడు ఆయన కూతురు అందరి ముందూ అంది: “నాన్న సర్వీసంతా నిజాయితీగా చేశారు. ఒక్కసారి మాత్రం ఏమరుపాటు జరిగింది. మనిషన్నాక పొరపాటు ఉంటుంది.” ఆ అమ్మాయి తండ్రిని క్షమించి మాట్లాడుతోంది. నేను విస్తరి ముందు కూర్చుని విన్నాను.

ఇది చెప్పేటప్పటికి సుజాత కలం ఆపింది. “అత్తా, ఇది కూడా రాయాలా? పుస్తకం ఊరంతా పంచుతారు. ఇప్పుడు కేసేమన్నా అయితే?”

“అయితే అవనీ. నాకిప్పుడు బడికెళ్లే పిల్ల లేదు. రాయి.”

“ఎవరో తవ్వారు అని రాస్తే సరిపోదా? ఆయన తప్పు కాదని తెలుస్తుందిగా.”

“ఎవరో అంటే మళ్లీ ఆయన చూసుకోలేదనే అవుద్దే. చూశారు. చూసి నా చెయ్యి పట్టుకున్నారు. అట్లాగే రాయి.”

రాస్తోంది. రాసిందనే అనుకుంటున్నాను. నేను చదువుకోలేను కదా, దాని మొహం చూస్తే తెలియడం లేదు. పొద్దు తిరక్కముందే ఈ కాగితాలు బస్సులో ఆ అమ్మాయికి పంపాలి. పంపే ముందు ఒక్కసారి, సుజాతా, నేను పార పట్టిన దగ్గర నించి పైకి చదువు. కట్ట తవ్వింది నాగరత్నం అని నా పేరు ఎక్కడుందో అక్కడ వేలు పెట్టి చూపించి, నెమ్మదిగా చదువు.