నాయన కారు బాగు చేయించిన పాపం

నాయన కారు స్లోలో నిలబడేది కాదు. యాక్సిలేటర్ మీద కాలు తీస్తే చాలు, గడగడా వణికి ఆగిపోయేది. ఆగిందంటే మళ్ళీ స్టార్ట్ అయ్యేలోపల మా ప్రాణాలు తోడేసేది. అందుకని పూతలపట్టులో మేనత్త ఇంటికి పోయినప్పుడల్లా ఆయన బండి దిగేవాడు కాదు. అమ్మనూ నన్నూ వాకిట్లో దింపి, ఇంజన్ ఆగిపోకుండా యాక్సిలేటర్ తొక్కి రేజు చేస్తానే అత్త తెచ్చిన కాఫీ కిటికీలోంచి తాగి, తిరుపతిలో మా ఇంటికి తిప్పుకోని పోయేవాడు.

అంతకు ముందెప్పుడో మామిడితోట పంపకాల్లో అక్కాతమ్ముళ్ళకు మాటామాటా పెరిగి, "నీ గడప తొక్కితే ఒట్టు" అనేసినాడు నాయన. తర్వాత మాటలు కలిసినాయి. ఒట్టు సంగతి ఎవురూ ఎత్తలా. తమ్ముడు లోపలికి రాడేమని వీధిలోవాళ్ళు అడిగితే అత్త, "బండి ఆపితే మళ్ళీ లేవదు, పాపం వాడేం చేస్తాడు" అనేది. నేనూ అట్లే నమ్మినా.

పోయిన ఎండాకాలం నాకు ఒళ్ళు మండింది. తోడబుట్టినోళ్ళు ఒక పూట కూర్చోని అన్నం తినేదానికి ఈ డొక్కు బండా అడ్డం అని, నాయన వద్దంటా ఉన్నా వినకుండా మెకానిక్కు దగ్గర పెట్టినా. ఆయన ఇంజన్ పక్కన రబ్బరు పైపొకటి వంచి చూపించినాడు. "ఈడ చీలిపోయుండాదమ్మా. దీంట్లోంచి గాలి లాక్కుంటా ఉండాది." పైపు మార్చి, కార్బొరేటర్ కడిగి పెడితే, కాలు తీసినా ఇంజన్ నెమ్మదిగా ఆడతా నిలబడింది. నా సంబరం చెప్పనలవి కాదు. అప్పుడే అత్తకు ఫోన్ చేసి, "బండి బాగైంది, ఆదివారం నాయనకు కూడా వండు అత్తా" అని చెప్పేసినా.

ఆదివారం పోతిమి. అత్త కోడిపులుసు చేసి, సంగటి కెలికి, వాకిట్లోనే కాచుకోనుండాది. నాయన ఇంజన్ ఆపినాడు. అత్త డోరు తీసి, "రా అప్పా, సంగటి ఆరిపోతాది" అనింది. నాయన స్టీరింగ్ పట్టుకోని ముందరికే చూస్తా కూర్చున్నాడు. తల తిప్పకుండానే, "కాఫీ ఈడికే తీసకరా అక్కా" అన్నాడు.

అత్త తెచ్చిచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకోని లోపలికి పోతా నా దగ్గర ఆగింది. "బండి అట్లే ఉన్నింటే బాగుండేది పాపా. వానికి రావాలనే ఉండాది, రాలేకపోతా ఉన్నాడు అనుకోనుండేదాన్ని."

ఆమెకు ఉన్న ఒక్క ఊరటా నా చేత్తోనే పెరికేస్తిని.