పొరల మధ్య కుట్టు

ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేటలోని మా మోటార్ వైండింగ్ కొట్లో ఉన్న మనుషులు: నాన్న, అన్నయ్య, చందర్లపాడు నుంచి వచ్చిన ఒక రైతు, సెలవులకి ఇంటికొచ్చిన నేను. ఉన్న సామాను: నీళ్లలో మునిగిన అయిదు హార్స్‌పవర్ మోటార్ ఒకటి, మెగ్గర్, సగం వాడిన వార్నిష్ డబ్బా, రాగి తీగ చుట్టలు, తాగి పెట్టిన టీ గ్లాసులు. కొట్టు వెనక రేకుల గది. ఆ గదిలో రెండొందల వాట్ల బల్బులు నాలుగు, నాలుగూ వెలుగుతున్నాయి. 1999వ సంవత్సరం, మే నెల.

తడిసిన మోటార్‌ని మేం బాగుచేసే పద్ధతి చెప్పాలి. రాగి తీగ మీద సన్నని వార్నిష్ పూత ఉంటుంది. ఆ పూతలోకి తడి దిగితే కరెంటు పక్కదారి పట్టి మోటార్ ఇనప ఒంటిలోకి పోతుంది. మెగ్గర్ అనే పరికరాన్ని తీగకీ ఒంటికీ మధ్య పెట్టి పిడి తిప్పితే పూత కరెంటుని ఎంత ఆపుతోందో సూది చెబుతుంది. సూది లేవకపోతే తడి ఉన్నట్టు. అప్పుడు మోటార్‌ని విప్పి రేకుల గదిలో బల్బుల మధ్య పెట్టి తలుపు మూసేస్తాం. సూది లేచేదాకా అది అక్కడే ఉంటుంది. చాలా మోటార్లకి కొత్త వైండింగ్ అక్కర్లేదు, వేడి చాలు.

ఆ రోజు ఆ గదిలో మోటార్‌తో పాటు అన్నయ్య కూడా కూర్చున్నాడు.

చలికాలంలో అన్నయ్య కుడిచేతి వేళ్లు మొద్దుబారడం మొదలైంది. పదో తరగతి అవగానే కొట్లో చేరినవాడు. ఇరవై ఆరేళ్లకే కంచికచర్ల దాకా రైతులు మోటార్ దించి, "పెద్దోడు చుడితేనే చుట్టండి, లేకపోతే వద్దు" అనేవాళ్లు. నాన్నకి చూపు తగ్గి వైండింగ్ మానేసి అప్పటికి మూడేళ్లు. అంటే కొట్టు అన్నయ్య చేతుల మీదే నడుస్తోంది. అన్నయ్యకైతే ఆ పని తప్ప ఇంకోటి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ చెయ్యి తిరిగి వస్తుందా రాదా అన్నది మా ఇంట్లో అందరి ప్రశ్న.

జవాబు అన్నయ్యే కనిపెట్టుకున్నాడు. డిసెంబరంతా మంచులో పొలాలకి వెళ్లి మోటార్లు బిగించాడు. ఒంట్లోకి తడి దిగింది. తీగ బాగానే ఉంది, పూత చెమ్మగిల్లింది, ఆరబెడితే సరిపోతుంది. ఇదీ అతని లెక్క. నాన్న కాదనలేదు. జీవితమంతా ఆయన చూసిన జబ్బుల్లో సగం అలాగే నయమయ్యాయి మరి.

"ఏం మేస్త్రీ, మోటార్‌తో పాటు కుర్రాణ్ణి కూడా ఆరబెట్టావా?" అన్నాడు రైతు.

"వాడిక్కూడా తడి దిగిందండి," అన్నాడు నాన్న.

"అయితే మెగ్గర్ పెట్టి చూడకపోయావా!"

తలుపు వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది. "పెట్టానండి బాబాయ్ గారూ. సూది లేవట్లా."

అందరం నవ్వాం.

గంట తర్వాత అతను బయటికి వచ్చినప్పుడు వేళ్లే కాదు, కుడికాలు కూడా ఈడుస్తున్నాడు. గుమ్మం ఎక్కడుందో చేత్తో తడుముకున్నాడు. ఎడమకంటికి నూనె కాగితం అడ్డం పెట్టినట్టుందన్నాడు. నాన్న వడదెబ్బ అనుకుని కింద కూర్చోబెట్టి కుండలో నీళ్లన్నీ నెత్తిన కుమ్మరించాడు. అరగంటకి కాలు మామూలైంది, కన్ను తేటపడింది. నాన్న వడదెబ్బే అని తేల్చాడు. అన్నయ్య మాత్రం తడి అనుకున్నదానికన్నా లోతుగా ఉందని తేల్చుకుని, ఆ వారంలోనే మరో రెండుసార్లు గదిలో కూర్చున్నాడు.

నందిగామలో మేం చూపించుకునే డాక్టరు బలానికి మాత్రలిచ్చి నెల చూశాడు. తర్వాత మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, అరికాలి మీద తాళంచెవితో గీసి, విజయవాడకి చీటీ రాసిచ్చాడు. అక్కడ స్కాన్ తీశారు. ఆ ఫిల్ముని దీపం మీద పెట్టినప్పుడు మెదడులో తెల్లటి మచ్చలు కనిపించాయి. నరాల పోగుల మీద ఉండే తొడుగుని ఒంటి రక్షణ వ్యవస్థే తినేస్తోందని, కొంతకాలం ఆగుతుందని, మళ్లీ వస్తుందని, ప్రతిసారీ కొంత మిగిల్చి పోతుందని పెద్ద డాక్టరు వరసగా చెప్పాడు. చివర్లో ఒక జాగ్రత్త చెప్పాడు. వేడి తగలకూడదు. తొడుగు ఊడిన చోట అసలే కష్టంగా పోయే కరెంటు, ఒళ్లు వేడెక్కితే ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ నడుస్తుంది.

తిరుగు బస్సు కీసర దాటాక నాన్న అన్నయ్య వైపు తిరిగాడు.

"మనం తలకిందులు చేశాం రా పెద్దోడా," అన్నాడు.

"వేడి వల్ల కొత్తగా పోయిందేం లేదన్నాడుగా నాన్నా. ఊరికే ఆగిందంతే," అన్నాడు అన్నయ్య. మళ్లీ తనే, "జగ్గయ్యపేటలో ఉంటూ వేడి తగలకూడదంటే ఎట్టా అసలు? ఓ పని చెయ్, నన్ను సోడాల కొట్టు ఐసుపెట్టెలో కూర్చోబెట్టు. అడిగినోళ్లకి నేనే సోడాలు తీసిస్తా," అన్నాడు.

సెలైన్‌తో ఎక్కించిన మందుకి చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. ఆ ఏడు వానాకాలం పంటకి అతనే మోటార్లు చుట్టాడు. జబ్బు పోయిందని మా అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. మరుసటి ఫిబ్రవరిలో చెయ్యి మళ్లీ పోయింది. ఈసారి మందుకి సగమే వచ్చింది. తర్వాతి సారి అంత కూడా రాలేదు.

నేను అప్పటికి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో చేరాను. మా లైబ్రరీకి విదేశీ పత్రికలు ఆరు నెలలు ఆలస్యంగా వచ్చేవి, కొన్ని సంచికలు అసలు వచ్చేవే కావు. నరాల తొడుగు గురించి దొరికినదల్లా చదివాను. ఒక మధ్యాహ్నం అనుకోని చోట అనుకోని ప్రోటీన్ కనిపించింది.

పేగు లోపలి గోడ, మూత్రపిండం, చర్మం, ఇలాంటి చోట్ల కణాలు ఇటుకల్లా పక్కపక్కన ఉంటాయి. పక్కపక్క కణాల అంచుల్ని కలిపి, సందులోంచి ఏదీ కారకుండా కుట్టేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిని టైట్ జంక్షన్ ప్రోటీన్లంటారు. వాటి పని గోడలు కాయడం అనే మాకు నేర్పారు. మెదడులో అయితే రక్తనాళాల గోడల దగ్గర ఉంటాయని రాస్తే మార్కులు పడేవి. కానీ మెదడులో ఆలోచించే కణాలు కాక వాటికి సాయంగా బతికే కణాలు వేరే ఉన్నాయి. వాటిలో ఒక రకం, పల్చటి పొరని చాపి నరం పోగు చుట్టూ చుట్టు మీద చుట్టు చుడుతుంది. తొడుగంటే అదే. ఆ చుట్ల మధ్య ఈ కుట్టు ప్రోటీన్లలో ఒకటి దొరికింది. అక్కడ కాయడానికి గోడ లేదు, పక్కన ఇంకో కణం లేదు. ఆ కణం తన పొరని తన పొరకే కుట్టుకుంటోంది. నీళ్లు కారకుండా కాదు, కరెంటు కారకుండా. ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలకల్లో తొడుగు పైకి చక్కగానే ఉంది. నరంలో వార్త మాత్రం నెమ్మదిగా వెళ్లింది. వెనక కాళ్లు బలహీనపడ్డాయి.

ఇది నాకెంత సంబరం కలిగించిందంటే, శనివారం బస్సెక్కి ఇంటికెళ్లాను. అన్నయ్య మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసి అంతా చెప్పాను. తీగ చుట్టినవాడు కాబట్టి నాకంటే ముందే అర్థం చేసుకున్నాడు.

"పొరకీ పొరకీ మధ్య కుట్టు," అన్నాడు. "మేం కాయిల్‌కీ కాయిల్‌కీ మధ్య పేపరు పెట్టి దారంతో బిగించమా, అట్టాంటిదేగా. బాగుంది రా. బుర్రున్నోడే చుట్టాడు."

"అవునన్నయ్యా."

"ఆ ఎలకలకి మళ్లీ ఆ కుట్టు వేశారా?"

"లేదు. లేకుండా చేసి చూశారంతే."

"ఉన్నదాన్ని పీకి చూశారా? లేనోడికి పెట్టి చూడలేదా?"

"ఇంకా లేదు."

"వాళ్లకన్నా మన కొట్టే నయం కదరా. పీకినాక బిగించి పంపిస్తాం." నవ్వి, తువ్వాలు మళ్లీ బకెట్లో ముంచాడు. "సరే. నాకు పోయింది ఆ కుట్టేనా?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. "కాదు. కుట్టు పోవడం కాదు నీకు. గుడ్డే పోతోంది. దాంతోపాటు కుట్టూ పోతోంది."

"మళ్లీ చుట్టుకోదా?"

"కొంత చుట్టుకుంటుంది. పల్చగా."

"చుట్టేవాడు ఉన్నాడుగా లోపల."

"ఉన్నాడు. వాడూ పోతున్నాడన్నయ్యా."

అతను ఆ బొమ్మని దగ్గరికి లాక్కున్నాడు. "వాడికీ నా జబ్బేనన్నమాట," అన్నాడు.

సోమవారం మా ప్రొఫెసర్‌ని కలిసి ప్రాజెక్టు ఈ ప్రోటీన్ మీద చేస్తానన్నాను. ఆయన మంచివాడు, కూర్చోమన్నాడు. ఎలకలు లేవు, యాంటీబాడీలు లేవు, ఉన్న మైక్రోస్కోపుకి ఆ కుట్టు కనపడదు, ఇవన్నీ ఉన్నా మీ అన్నయ్యకి ఉపయోగపడే మాట రావడానికి ఒక మనిషి సర్వీసు చాలదు అన్నాడు. వరి ఊక మీద పెరిగే బూజు మీద ప్రాజెక్టు చేశాను. ఫస్ట్ క్లాసు వచ్చింది.

2003 కల్లా మా కొట్లో ఫ్యాన్లు, స్విచ్చులు, బల్బులు అమ్ముతున్నాం. వచ్చిన మోటార్లని నాన్న నందిగామలో మరో వైండింగ్ కొట్టుకి పంపేవాడు. అన్నయ్య చేతికర్రతో వచ్చి కౌంటర్ దగ్గర కూర్చునేవాడు.

ఆ డిసెంబరులో నేను ఇంటికొచ్చి ఉండగా వీరులపాడు రైతు ఒకాయన బోరు మోటార్ ఆటోలో వేసుకొచ్చాడు. నందిగామ పంపిస్తానన్నాడు నాన్న.

"నందిగామైతే నేనే పోయేవాణ్ణిగా మేస్త్రీ, ఇక్కడికెందుకొస్తా? పెద్దోడు చుట్టింది ఎనిమిదేళ్లు ఆడింది. వాణ్ణే చుట్టమను."

"వాడికి ఒంట్లో బాగోలేదండి," అన్నాడు నాన్న.

"దించి వెళ్లండి బాబాయ్ గారూ. నేను చూస్తా," అన్నాడు అన్నయ్య.

మర్నాడు ఉదయం అన్నయ్య బావి నీళ్లతో తలారా స్నానం చేశాడు. ఒళ్లు తుడుచుకోలేదు. చల్లగా ఉన్నంతసేపే చెయ్యి మాట వింటుందని అతనికి తెలుసు. కొట్లో ఫ్యాను వేసి, నేల మీద గోనెసంచి పరిచి, మోటార్‌ని రెండు దిమ్మెల మధ్య పడుకోబెట్టాం. బోరు మోటార్ నీళ్లలోనే తిరుగుతుంది కాబట్టి దాని తీగకి ప్లాస్టిక్ తొడుగుంటుంది. కాయిల్ బయట చుట్టి లోపల దించడం కుదరదు. ప్రతి చుట్టునీ సన్నని గాడిలోంచి చేత్తో దూర్చి, అవతలివాడు లాగి, పక్క గాడిలోంచి వెనక్కి పంపాలి. గాడి అంచు తీగని గీరకూడదు. గీరిందో లేదో కన్ను చెప్పదు, వేళ్లే చెప్పాలి.

నాన్న అవతల కూర్చున్నాడు. తీగ చుట్ట విప్పి ఇచ్చేది నేను. అన్నయ్య పైకి లెక్కపెడుతూ దూర్చాడు. మొదటి చుట్లు అందంగా పడ్డాయి. నాన్న ముఖం చూసి నేను తల తిప్పుకున్నాను. తర్వాత అన్నయ్య లెక్క చెప్పడం ఆపి తీగ వైపు కళ్లప్పగించి చూస్తూ దూర్చసాగాడు. తీగ ఎక్కడుందో వేళ్లకి తెలియడం లేదు. అరచేత్తో నెట్టాడు. నాన్న చేతికి వచ్చిన తీగ మీద ప్లాస్టిక్ లేచిపోయి రాగి మెరిసింది. నాన్న దాన్ని బొటనవేలితో కప్పాడు.

"చూశాలే నాన్నా," అన్నాడు అన్నయ్య.

"టీ తాగి చేద్దాంలే. తొందరేముంది."

"వద్దు. విప్పేసి నందిగామ పంపు. ఆయనకి నేను చెప్తా."

తనని లేపమని నాతో అన్నాడు. లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. నాన్న గాడిలోంచి తీగని ఒక్కో చుట్టూ వెనక్కి లాగాడు. లాగుతున్నప్పుడు నేను లెక్కపెట్టాను.

ఆ కాయిల్‌కి కావలసినవి ఇరవై నాలుగు చుట్లు. పడినవి తొమ్మిది.