ఊట లేదని రాశాను

వాన వెలిశాక జామాయిల్ తోట పక్కగా వెళ్తే ఘాటు వాసన వస్తుంది. అందరికీ అది జలుబు మందు వాసన. నాకు మాత్రం దేవదానం గారు గుర్తొస్తారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ములకలపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో వాటర్‌షెడ్ పనులు జరిగేవి. ఆయన మా ఇంజనీరు. నేను ఆయన కింద కొత్తగా చేరాను. వాగు మీద చెక్‌డ్యాం ఎక్కడ కట్టాలో కొలవడానికి వెళ్లిన మొదటి రోజే ఆయన నా చేత టేపు చుట్టించేశారు. "నీళ్లు కింద దొరుకుతయి గాని కింద పుట్టవు సునీతా. పైకి నడువు," అన్నారు. రెండు గంటలు గుట్ట ఎక్కాం. వెదురు పొదల నీడలో రాలిన ఆకులు పక్కకు తోసి, అక్కడ చెయ్యి పెట్టమన్నారు. నడి ఎండాకాలంలో మట్టి తడిగా, చల్లగా ఉంది. కాస్త దిగువన రాళ్ల సందులోంచి సన్నటి ఊట. "ఈ పొదలు పోతే గిదీ పోతది. కింద మనం ఎన్ని కట్టలు కట్టినా ఉత్తదే."

మరుసటి ఏడాది భార్యకు జబ్బు చేసి ఆయన నెల రోజులు ఖమ్మం దవాఖానాలో ఉండిపోయారు. అప్పుడే ఆ గుట్ట వాలును చదును చేసి జామాయిల్ వేస్తామని భూమి యజమాని దరఖాస్తు పెట్టాడు. చూసి రిపోర్టు రాయాల్సింది నేను. అతను జీపు కిందనే ఆపి, "పైన ఏముందమ్మా, ఉత్త పొదలే. జల్దీ రాసెయ్యండి," అన్నాడు. ఎండ మండుతోంది. ఊట ఈపాటికి ఎండిపోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని, గుట్ట ఎక్కకుండానే 'పొదలు మాత్రమే, ఊట లేదు' అని రాశాను.

పొదలు కొట్టేసి జామాయిల్ వేశారు. మూడో ఏడు శివరాత్రికే వాగు ఎండిపోయింది. దిగువ కోయగూడెంలో ముత్తమ్మ ఇసుకలో చెలిమె తవ్వి గిన్నెతో నీళ్లు తోడుతుంటే అధికారులు విచారణకు వచ్చారు. దేవదానం గారు నా రాత చూశారు, ఒక్కసారి నా వైపు చూశారు. "నా సెక్షన్‌ల రాసిన రిపోర్టు. తప్పు నాదే," అన్నారు, గూడెమంతా వింటుండగా.

వారంలో ఆయనకు బదిలీ అయింది. "సార్, నేను పోయి నిజం చెప్తా," అన్నాను. "చిన్నదానివి, నౌకరి పోతది. ఇంకోసారి నడిచి చూసి రాయి, చాలు," అన్నారు. ఆ మాటకు నా గుండె తేలికపడింది. ఇప్పుడు సిగ్గుపడేది ఆ తేలికకే.

ఆయన చనిపోయారని తెలిశాక గూడేనికి వెళ్లి ముత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె గుట్ట వైపు చూసింది.

"బదిలీ అయినంక ఆ సారు ఒకసారి వచ్చిండమ్మా. ఆ గుట్ట ఎక్కి దిగి, తాగనీకి నీళ్లు అడిగిండు. మా వాగును చంపినోడని లేవన్నం."

"ఏమన్నారు?"

"ఏమనలే. అవ్ అని తలకాయ ఊపి పోయిండు."

ఆయన బదిలీ అయిన నాటి నుంచి నడిచి చూడకుండా ఏ కాగితం మీదా నేను సంతకం పెట్టలేదు. కానీ ఒక్క మాటతో ఆయన ఆ రోజు దాహం తీర్చుకోగలిగేవారు. ఆ మాట నా పేరు.