ఆడికృత్తిక నాటి నాలుగు మిల్లీమీటర్లు

ఆరేళ్ళుగా నాలుగు మిల్లీమీటర్ల నీళ్ళు మోస్తున్నాను. దోసిట్లో పోస్తే దోసిలి నిండని నీళ్ళు. వాటికి ఇంత బరువు ఉంటుందని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పబోవడం లేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఇది నాకు కొత్త కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళను నమ్మడంతోనే ఈ వ్యవహారమంతా మొదలైంది.

తిరుత్తణిలో మాది స్టీలు పాత్రల అంగడి. అంగడి పైన ఇల్లు, ఇంటి పైన మిద్దె. ఆ మిద్దె మీద నేను వాన కొలుస్తాను. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్ళి, గరాటు కింద ఉన్న గాజుగొట్టంలో నీళ్ళెంత చేరాయో చూసి, తేదీ వేసి, పుస్తకంలో రాసి, కిందికి వచ్చి అంగడి తెరుస్తాను. ఎవరూ అడగని పని. నాకిష్టం, అంతే. దీన్ని నాకు నేర్పినవాడు వాన కొలిచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒక పెద్దాయన. ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. గోడకు ఎంత దూరం, నేలకు ఎంత ఎత్తు అని పన్నెండు రోజులపాటు నేనడిగిన ప్రతి ప్రశ్నకూ విసుగు లేకుండా జవాబిచ్చాడు. చివర ఒక్క నియమం చెప్పాడు. కొలత చెడిన రోజున సున్నా రాయవద్దు, ఊహించీ రాయవద్దు, ‘కొలవలేదు’ అని రాయాలి. ఆ మాటను పుస్తకం అట్ట లోపలి వైపు రాసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

కొన్నేళ్ళకు అదే గ్రూపులో జవాబులు చెప్పేవాణ్ణి నేనయ్యాను. చెప్పేకొద్దీ కోపం పెరిగింది. రేపే ప్రాజెక్టు ఇవ్వాలి సార్, మీ లెక్కలు మొత్తం పంపండి సార్ అనేవాళ్ళు. పంపితే బాగుందని కూడా అనరు. ఒక్క పొద్దు మిద్దె ఎక్కనివాళ్ళకు నా మూడేళ్ళ ఉదయాలు ఊరికే కావాలి. ఆ కోపం న్యాయమైనదేనని ఈనాటికీ అంటాను. కానీ దాన్ని ఎవరి మీద చూపాను?

ఆరేళ్ళ కిందట, మా కొండ మీది స్వామికి కావడులెత్తే ఆడికృత్తిక పండుగకు, మణవాళనగర్ నుంచి మా అక్క కుటుంబం కావడి మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. ఇంటినిండా జనం. ఆ రోజు వాన లెక్క మరునాటి ఉదయం చూడాలి. చూడడానికి వెళ్ళాను. మిద్దె పొడవునా తీగలు కట్టి, పిండీ పిండని పసుపుబట్టలు ముందురోజే ఆరవేశారు. ఒక పంచె అంచు సరిగ్గా గరాటు మీదికి వేలాడుతోంది. గొట్టంలో నాలుగు మిల్లీమీటర్లు. నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి.

వాన నీళ్ళు పసుపు రంగులో ఉండవని నాకు తెలియదా?

తెలుసు. తెలిసీ నాలుగు అని రాశాను. మూడేళ్ళలో ఒక్క ఖాళీ కూడా లేదని గ్రూపులో గొప్పగా చెప్పుకుని వారం కాలేదు. ఆ వరుస తెగిపోవడం నాకిష్టం లేకపోయింది. పైగా గొట్టం చూపినదే కదా రాశాను, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే వాదించుకున్నాను. అబద్ధం గొట్టానిది కాదు.

రెండు నెలల తరువాత పొదటూరుపేట నుంచి ఒక కాలేజీ పిల్ల గ్రూపులో చేరింది. మా చుట్టుపక్కల వానల మీద చదువుకు సంబంధించిన పని చేస్తోంది. మా రెండు ఊళ్ళ లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలని నా పట్టిక అడిగింది. పంపాను. తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. అందుకని గొంతు రికార్డు చేసి పంపేది. నలభై ఒక్క సెకన్ల ఆ మాటలు నా ఫోనులో ఇంకా ఉన్నాయి.

“సార్, తప్పుగా అనుకోవద్దండి. ఆడికృత్తిక పొద్దు మీ లెక్కలో నాలుగు ఉండాది. ఆ పొద్దు మేము కావడి ఎత్తుకోని తిరుత్తణికి నడిచే వచ్చినాము. తారు రోడ్డు పెనం మాదిరి కాలతా ఉండింది, నా కాళ్ళు బొబ్బలెక్కి పోయినాయి. రాత్రి కొండ కిందనే, బయటే పడుకోని, తెల్లారి బాగా పొద్దెక్కినాక బస్సెక్కినాము. ఒక్క చినుకు పడలేదు. వాన యాడ పడింది సార్?”

గ్రూపులో అందరూ విన్నారు. నా ముఖం వేడెక్కింది. నేనూ గొంతుతోనే జవాబిచ్చాను.

“ఏమ్మా, వాన కొలిచేది కొలపాత్రతోనా, కాలి బొబ్బలతోనా? కావడి కింద తల దూర్చినదానికి ఆకాశంలో మోడం కనపడతాదా? ముందు కొలిచేది నేర్చుకో, తర్వాత నన్ను అడుగుదువు.”

నవ్వుల బొమ్మలు పదిహేడు వచ్చాయి. లెక్కపెట్టాను. “సరియాన అడి అణ్ణా”, సరైన దెబ్బ అన్నా అని ఒకాయన తమిళంలో మెచ్చుకున్నాడు. ఆమె అడిగిన ప్రశ్నేమిటని ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ ఆలోచించలేదు. నిజం చెప్పినదాన్ని చూసి నవ్వి, అబద్ధమాడినవాణ్ణి అన్నా అన్నారు. నాకు నేర్పిన పెద్దాయన అప్పటికి గ్రూపులో లేడు. ఉంటే ఏమనేవాడు?

కాసేపటికి ఆమె గొంతు మళ్ళీ వచ్చింది, చిన్నగా. “సారీ సార్. మా సీసాలోనూ ఆ పొద్దు సున్నానే ఉండింది. నేనే ప్లాస్టిక్ సీసా కోసి చేసుకున్నది లెండి. అదే సరిగా లేదేమో.”

సరిగానే ఉంది. ఆ మాట అప్పుడు అనవలసింది. అనలేదు.

మరి కొన్ని నెలలకు తన ప్రాజెక్టు గ్రూపులో పెట్టింది. మొదటి పుటలో కృతజ్ఞతలు నాకు. లోపల నా పట్టిక, అందులో నా నాలుగు. పొదటూరుపేట లెక్క లేదు. ఎనిమిది నెలలు తను చూసి రాసుకున్నది ఎక్కడా లేదు. విడిగా అడిగాను, మీ ఊరిదేదమ్మా అని.

“తీసేసినాను సార్. సీసా కూడా పారేసినాను. నాకు వచ్చే పని కాదది.”

శ్రమ లేకుండా అడిగేవాళ్ళ మీద అంత కోపం ఉన్న నేను, శ్రమపడి తన కళ్ళతో చూసి అడిగిన ఒకే ఒక్క మనిషికి తన కళ్ళ మీదే నమ్మకం లేకుండా చేశాను. అజ్ఞానం కాదు, పొరపాటు కాదు. వరుస తెగకూడదని! ఎవరి కోసం ఆ వరుస? ఆమె నాకు సారీ చెప్పింది. ఆ సారీని నేను తీసుకుని ఉంచుకున్నాను.

ఈ ఉదయం పుస్తకం తీసి నాలుగును ఎర్ర సిరాతో కొట్టేశాను. ‘కొలవలేదు. ఆరవేసిన బట్టల నీళ్ళు. ఆ పిల్ల చెప్పిందే నిజం’ అని పక్కన రాసి, ఆ పుటను ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ఆమె నంబరు ఆ గ్రూపులో ఎప్పటినుంచో లేదు. విడిగా పంపితే చేరలేదు. చేరినా, పారేసిన సీసా తిరిగి రాదు.

“నాలుగు మిల్లీమీటర్లే కదన్నా, దీనికి పోయి ఎందుకింత?” అని ఒకాయన రాశాడు. ఎనిమిదిన్నర అయింది. మిద్దె ఎక్కి గొట్టం ఎత్తి చూశాను. పొడిగా ఉంది. తేదీ వేసి, సున్నా అని రాశాను.