స్వామి తిరగని సందు

అమ్మణ్ణి టీచరు కోరి కొనుక్కున్న ఇల్లది. రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్లే దారిలో, నిన్నమొన్నటి జీడితోటను చదును చేసి వేసిన కాలనీలో, సందు చివర, కాలనీ ప్రహరీ గోడకానుకుని ఉంటుంది. "దారినపోయేవాళ్లు ఉండని చోటు చూపించండి" అని ఏజెంటుని అడిగింది ఆవిడే. గోడకవతల పాత ఊళ్లో ఉన్నన్నాళ్లూ, వచ్చేపోయేవాళ్లు అరుగు దగ్గర ఆగి "ఏం కూరండీ టీచరుగారూ?" అని ప్రాణం తీసేవారు. పెళ్లి చేసుకోని మనిషి, ఒక్క ప్రాణానికి ఎన్ని కూరలు వండుతుంది!

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఇప్పుడు పాలవాడు కూడా సందు మొదట్లోనే ప్యాకెట్ వేలాడదీసి పోతున్నాడు. గోడ లేకపోతే పాత వీధి నాలుగడుగులు. ఉంది కాబట్టి గేటు దాటి, హైవే ఎక్కి, చుట్టూ తిరిగి ఆటోలో వెళ్లాలి.

అదీ ఓర్చుకుంది. కానీ కల్యాణం మర్నాడు వేణుగోపాలస్వామి పల్లకీ తన గుమ్మం ముందుకి రాదంటే మాత్రం గుండె ఒప్పుకోలేదు. తల్లి పోయాక ఏటా గుమ్మంలో పల్లకీకి హారతి ఆవిడే ఇస్తోంది. కొత్తింట్లో ఇదే మొదటి ఏడు. ఆ ఊళ్లో స్వామివారు వెళ్లిన దారిన వెనక్కి రారు, చుట్టి రావాల్సిందే. మూసుకుపోయిన సందులోకి పల్లకీ ఎలా వస్తుంది?

గోడకి చిన్న గేటు పెట్టించమని కాలనీ ప్రెసిడెంటు ఉదయ్‌భాస్కర్‌ని అడిగింది.

"పెడితే ఊరంతా ఇటే నడుస్తుంది మేడమ్. అయినా ఎవరూ తిరగని సందని మీరే ఏరుకున్నారు కదండీ?"



"ఇటొచ్చి మా గుమ్మంలో ఇచ్చేయండి" అని పాత పొరుగు బుల్లెమ్మ ఫోన్ చేసింది.

"పరాయి గుమ్మంలో హారతేంటి బుల్లెమ్మా!" అంది టీచరు. ఆ పంతం చిన్నప్పట్నుంచీ ఉన్నదే.

పల్లకీ తిరిగే సాయంత్రం పట్టుచీర కట్టుకుని, గోడ పక్కన స్టూలు వేసుకుని ఎక్కింది. సన్నాయి దగ్గరకొచ్చింది. కర్పూరం వెలిగించి ఎంత సాచినా పళ్లెం గోడ అంచు దాటలేదు. "ఒక్క నిమిషం ఆపండయ్యా!" అని అరిచింది. డోలు మోతలో ఆ గొంతు ఆవిడకే వినపడలేదు.

డోలు కాస్త ఆగింది. "ఇక్కడ దించాలా?" అన్నారెవరో.

"ఇక్కడెందుకురా? ఇటేపు ఇళ్లేం లేవు. నడవండి."

ఏటా ఆవిడ గుమ్మం ముందు పల్లకీ దింపించే పెదబాబు గొంతది. పిలుద్దామని నోరు తెరిచింది. ఏడుపే వచ్చింది. సన్నాయి దూరమైపోయింది. హారతి ఎవరూ కళ్లకద్దుకోకుండానే ఆరిపోయింది.

ఆ రాత్రి ఆవిడ ఏం కూర వండిందో, అసలు వండిందో లేదో, అడిగినవాళ్లు లేరు.