మిట్టమధ్యాహ్నపు మంద

మా బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. పంతొమ్మిదేళ్లు దాన్ని భరించాను. భరించానంటే నోరు మూసుకున్నానని కాదు. స్టాఫ్ రూములో వారం వారం గొడవ పడేదాన్ని, పీరియడ్ మాత్రం వారం వారం పోయేది. పరీక్షలు దగ్గరపడితే నా గంట ఆయనది. వార్షికోత్సవం దగ్గరపడితే మాత్రం నేను అందరిదాన్ని. స్వాగతం బ్యానరు, వేదిక మీద అట్టనెమలి, ముఖ్య అతిథి పేరు కన్నడంలో జానెడు అక్షరాలతో, అన్నీ నా చేతుల మీదుగానే జరగాలి. ఆ ఒక్క వారం అందరూ నన్ను 'మేడం' అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

మా బడి కన్నడ సీమలో తెలుగు మాట్లాడే వై.ఎన్.హొసకోటలో. దాని యాజమాన్యం వాళ్లే పావగడలో చిత్రకళకు ఒక చిన్న కాలేజీ పెడతామన్నప్పుడు నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. బొమ్మలకంటూ ఒక గది, ఎవరూ అప్పు అడగని గంటలు. కానీ అక్కడ పాఠం చెప్పాలంటే చిత్రకళలో మాస్టర్స్ డిగ్రీ, ఎం.వి.ఎ. ఉండాలి. నాకున్నది డిప్లొమా, దాని మీద దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ. "మాస్టర్స్ చేసుకోండి మేడం, రెండేళ్లు ఆగుతాము. ఆ పైన వేరేవాళ్లను చూసుకోవాల్సి వస్తుంది" అన్నారు సెక్రెటరీ. అలా నలభై నాలుగో ఏట తుమకూరులో మళ్లీ విద్యార్థినినయ్యాను.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం బస్సెక్కితే మధుగిరి మీదుగా తుమకూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఆదివారమంతా తరగతులు. నాతో చదివేవాళ్లంతా నా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన పిల్లల ఈడువాళ్లే. మొదటి రోజు 'ఆంటీ' అన్నారు. వాళ్ల గీతల్లో తప్పులు చూపించడం మొదలుపెట్టాక వాళ్లంతట వాళ్లే 'మేడం'కి మారారు. నాకు నోటిదురుసు ఎక్కువ, ఒప్పుకుంటాను.

రెండో ఏడు చివర్లో అసలు పరీక్ష. సొంతంగా వేసిన బొమ్మలు గోడకు పెట్టాలి. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకులు వాటి ముందు నిలబడి ప్రశ్నలు వేస్తారు. అందులో నెగ్గితేనే డిగ్రీ. మీ ప్రాంతాన్నే వేయండి అన్నారు మా గైడు. ఆయన తక్కువ మాట్లాడే పెద్దమనిషి. మా ప్రాంతమంటే ఇప్పుడు అందరికీ సోలార్ పార్కే కదా. తిరుమణి వెళ్లే దారిలో ఎటు చూసినా నల్లరేగడి పొడుగునా పలకలే. ఎనిమిది బొమ్మలు వేశాను. నీలం రంగు ట్యూబులు ఎన్ని అయిపోయాయో నాకే తెలియదు. ఒకదాంట్లో అందం కోసం పలకల మధ్య నాలుగు గొర్రెలను కూడా మేపాను.

గైడుగారు చేతులు వెనక్కి కట్టుకుని ఎనిమిదీ చూశారు. "బస్సులోంచి చూసినట్టుంది" అన్నారు. ఎనిమిదీ చుట్ట చుట్టి నా చేతికిస్తూ, "ఇవే పెడతానంటే నేను మిమ్మల్ని పరీక్షకు పంపను. నాలుగు నెలలున్నాయి" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆయన అన్నది అబద్ధమైతే అంత మండేది కాదు. ఆ బొమ్మలన్నీ నిజంగానే బస్సు కిటికీలోంచి ఫోనుతో తీసుకున్న ఫోటోలు చూసి వేసినవి. మధుగిరి దాకా మనసులోనే ఆయనతో పోట్లాడాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాగితం మంచిది కాదనుకున్నాను, రంగులు కల్తీవనుకున్నాను. పావగడ కొండ కనిపించేసరికి తిట్లన్నీ అయిపోయి భయం ఒక్కటే మిగిలింది. ఈ పరీక్ష పోతే ఆ గది పోతుంది, మళ్లీ అట్టనెమలే గతి.

తిరుమణిలో మా మేనత్త ఉంటుంది, మా నాన్నకు అక్క. మావాళ్లంతా ఒకప్పుడు గొర్రెలు కాచినవాళ్లే. మా నాన్న చదువుకుని మందను వదిలేశాడు, అత్త వదల్లేదు. వేరుసెనగ వేసే చేను సోలారువాళ్లకు ఇచ్చాక కూడా ఆమె గొర్రెలు ఆమెకున్నాయి. "బూమి బాడిగకిచ్చినాముగానీ గొర్రెల్నియ్యలేదు కదప్పా" అంటుంది ఎవరడిగినా. పలకల కింద గడ్డి పెరిగితే కంపెనీవాళ్లకే ఇబ్బంది కాబట్టి, గేటు దగ్గర కాపలావాళ్లు ఆమె మందను లోపలికి వదులుతారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అలాగే రెండేళ్లు ఆ ఊరి మీదుగా బస్సులో పోతూ కూడా నాకు ఆమె గుర్తు రాలేదు. ఆ రాత్రి దారిలో దిగింది కూడా భోజనానికే. బొమ్మల చుట్ట చేతిలో ఉంది కాబట్టి చూపించాను.

గొర్రెలున్న బొమ్మ చూడగానే అత్త నవ్వడం మొదలుపెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏంది పాపా ఇది? నెత్తిన పొద్దుండాదని ఏసినావు. మిట్టమద్యాన్నం గొర్రె తలెత్తుకోని నిలబడతాదా? దానికేమన్నా పిచ్చా?"

"మరెట్లుంటాది?" అన్నాను, కోపం ఆపుకుంటూ.

"గొల్లోళ్ల ఇంట్లో పుట్టి నన్నడుగుతాండావు సూడు! రేపు మద్యాన్నం రా, సూపిస్తా."

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. అత్త ఒక పలకల వరుస కిందికి వంగి, చేత్తో పిలిచింది. పలకల నీడ అన్నిటికీ చాలక మంద మొత్తం అక్కడే గుమిగూడి ఉంది, కానీ ఒక్క తల కూడా కనిపించలేదు. ప్రతి గొర్రె తన తలను పక్కదాని పొట్ట కిందికి దూర్చింది. దాని తల ఇంకోదాని కింద. ఒకదాని నీడను ఒకటి అప్పు తీసుకుని, వీపులు మాత్రమే ఎండకిచ్చి, కదలకుండా నిలబడ్డాయి. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసి ఉంటానో. చూశాను కానీ పట్టించుకోలేదు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు 'చూసి గీయండి' అని చెబుతున్న మనిషిని నేను.

"ఇంగ ప్లేట్లన్నీ నీలంగా ఏసినావే, అదేంది? ఈపొద్దు యాడుండాది నీలం, సూపించు" అంది అత్త.

చూశాను. నిజంగానే ఎక్కడా నీలం లేదు. పలకలన్నీ కళ్లు పొడిచేంత తెల్లగా ఉన్నాయి. పొద్దున్నే వస్తే తెల్లమచ్చల బొల్లిగా ఉంటాయట, మబ్బు కమ్మితే నల్లటి కర్రిగా, దుమ్ము పడితే బూడిదరంగు మైలగా, పొద్దు వాలేటప్పుడు కాసేపు ఎర్రటి పుల్లగా. అన్నీ గొర్రెలకూ పశువులకూ మావాళ్లు చెప్పుకునే రంగులే. అంత పెద్ద పార్కును ఆమె ఒక మందలాగే చూస్తోంది. నేను రంగుల సిద్ధాంతం మీద రెండు పేపర్లు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ ఎండలో ఆమె పక్కన నిలబడి, బ్యాగులోంచి పుస్తకం తీసి ఆ నాలుగు మాటలూ రాసుకున్నాను.

ఆఖరి నెలల్లో తరగతులు లేవు. శనివారం మధ్యాహ్నం తుమకూరు దాకా పోకుండా తిరుమణిలోనే దిగిపోయేదాన్ని. మొదటి వారం ఒక తప్పు చేశాను. ఎన్ని వీపులు గీయాలో తెలియాలని పెన్సిలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టబోయాను. అత్త నా చేతి మీద టపీమని కొట్టింది.

"మందకు ఏలు సూపించి లెక్కపెడతారా ఎవురన్నా? దిష్టి తగల్దా?"

"మరి ఒకటి తప్పిపోతే నీకెట్ల తెలుస్తాది?"

"సూస్తే తెల్దా?" అంది. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం దొడ్డిలో గొర్రెపిల్లలను తల్లుల దగ్గరికి వదిలేటప్పుడు చూశాను. తల్లులు ఒకవైపు అరుస్తున్నాయి, పిల్లలు ఒకవైపు. నా కంటికి అన్నీ ఒకే అచ్చు. అత్త ఒక్కో పిల్లను ఎత్తి, వెతకకుండా, ఆగకుండా, సరిగ్గా దాని తల్లి దగ్గరే దించింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతకుముందు గుడుల్లో శిల్పాలు చూశాను, పెద్ద ఊళ్లలో ప్రదర్శనలు చూశాను. వాటి ముందు కూడా నాకు అలా ఒళ్లు జలదరించలేదు. ఆమె మాత్రం ఆ పని చేస్తూనే, రాత్రికి రాగిసంగటిలోకి ఏం చేయాలో నన్ను అడుగుతోంది.

పాతవి ఎనిమిదీ పక్కన పడేసి ఒక్క పెద్ద బొమ్మ మొదలుపెట్టాను. పలకల కింద, తలలు దాచుకున్న మంద, వీపులు మాత్రమే. నెలలు పట్టింది. ఒక్కో వీపు దగ్గర కూర్చుని, ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో, ఉన్ని ఎక్కడ కత్తిరించారో, ఏ తొడ మీద పాత గాయపు మచ్చ ఉందో చూసి వేశాను. బొమ్మ నిండుగా వచ్చింది. ఒక్క చోట మాత్రం పేచీ వచ్చింది. మెడలో గంట ఉన్న ఒక ముసలి గొర్రె, మొదటి రోజు నేను గమనించనిది, మందలో తల దూర్చేది కాదు. కాస్త దూరంగా, సగం ఎండలో, తలెత్తి నిలబడేది. దాన్ని వేస్తే కన్ను మంద మీద నిలవకుండా అటే పోతోంది. కూర్పు చెడుతుందని దాన్ని వదిలేశాను. చదువుకున్నదాన్ని కదా, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలుసుననుకున్నాను.

గైడుగారు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "పంపిస్తాను" అన్నారు. అంతకు మించి పొగడ్త ఆయన నోట ఎవరూ విని ఉండరు.

పరీక్ష రోజు అత్త నాతో వచ్చింది. "నువ్వు ఇన్నాళ్లూ బస్సెక్కి పొయ్యే ఊరు యాడుండాదో నేనూ సూడాల" అని మందను పక్కింటివాళ్లకు అప్పగించి, పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. బయట కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లాను.

పరీక్షకురాలు బెంగళూరు నుంచి వచ్చిన పెద్దావిడ. తల ముగ్గుబుట్ట. బొమ్మకు దగ్గరగా వచ్చి నిలబడ్డారు. తలలు లేవేమిటి అన్నారు, చెప్పాను. పలకలు ఈ రంగులో ఎందుకున్నాయి అన్నారు, చెప్పాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంతలో తలుపు దగ్గర అలికిడైంది. అత్త బయట కూర్చుంటేనా! లోపలికి వచ్చి, ఎవరినీ చూడకుండా నేరుగా బొమ్మ ముందుకు పోయింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి చూసింది. ఊపిరి పీల్చినంత సేపు, అంతే.

"పాపా, ఒకటి లేదే" అంది.

పరీక్షకురాలికి తెలుగు రాదు. ఆవిడ ఏమంటున్నారు అని కన్నడంలో అడిగారు. అబద్ధం చెప్పవచ్చు. గొర్రెలు బాగున్నాయంటోందని చెబితే అయిపోయేది. కానీ అత్త పక్కన ఉండగా నోరు రాలేదు. "ఒక గొర్రె లేదంటోంది. నేనే తీసేశాను, కూర్పు కోసం" అన్నాను.

ఆమె అత్త వైపు తిరిగి, "తలలే లేవు కదమ్మా, లెక్క కూడా పెట్టలేదు. ఒకటి లేదని ఎలా తెలిసింది?" అని అడిగారు.

అత్తకు కన్నడం బాగానే వచ్చు. కన్నడంలో ఆమె చెప్పిన జవాబును మా మాటలో రాస్తున్నాను. "అదేందమ్మా అట్లడుగుతారు? మీ బిడ్డ ఎనక్కి తిరిగి నడిచి పోతాంటే, మొగం సూసేదాంకా మీకు తెల్దా?"

పరీక్షకురాలు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత నన్ను కాదు, అత్తనే అడిగారు, ఆ లేనిది ఏ గొర్రె అని.

"గంట గొర్రె. మందకు ముందు నడిచేది అదే. ఇవన్నీ తలలు దాచుకుంటే అది ఒక్కటే కాపలా ఉంటాది. అది కదిల్తే ఇవి కదుల్తాయి. అది లేకుంటే ఇవి ఇంటికెట్ల పోతాయి?"

కన్ను అటే పోతోందని నేను తీసేసిన గొర్రె అది. అటే పోవాలి కదా, మంద కన్ను కూడా అటే ఉంటుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా, పరీక్షకురాలి ముందే. నా తప్పుకు కాదు. అంత చూపు మా ఇంట్లోనే ఉందని నలభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు తెలియనందుకు.

"లేనిదానికి నేను మార్కులు తగ్గించలేను. ఉన్నది ఇంత నిజంగా ఉండబట్టే కదా లేనిది ఆమెకు తెలిసింది" అన్నారు ఆ పెద్దావిడ, కాగితం మీద ఏదో రాస్తూ. నెగ్గానని ఆ తర్వాత నెలకు తెలిసింది.

ఇప్పుడు పావగడలో నాకో గది ఉంది. ఆ బొమ్మ అక్కడే గోడ మీద ఉంది. కిందటి నెల అత్త ఆసుపత్రి పని మీద వచ్చి, గది చూసి పోతానంది. నా సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి పెట్టుకున్నాను, దానివైపు చూడనైనా లేదు. బొమ్మ ముందుకు పోయింది. కుడివైపు చివర, సగం ఎండలో, మెడలో గంటతో, తలెత్తి నిలబడిన ముసలి గొర్రెను నేను తర్వాత కలిపాను. అత్త దాన్ని చూసి, మందను చూసి, కొంగు సర్దుకుంది.

"ఇంగ ఇంటికి పోతాయిలే" అంది.