తుపాను రోజు బోట్ల అరే

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఫిషింగ్ హార్బర్ పక్కన ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీలు రాసేవాణ్ని. మాది కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం. సముద్రాన్ని చూడ్డమే తప్ప దాని సంగతి నాకేం తెలుసు! బోట్ల యజమానులు కొందరు కలిసి మాతో ఒక పేజీ చేయిస్తున్నారు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏ బోటు తిరిగొచ్చిందో, ఏది రాలేదో అందులో కనపడాలి. వైర్‌లెస్ గదిలో ఉండే మనిషి ఒడ్డు చేరిన బోటు పేరు కొట్టగానే మా పేజీ మారాలి.

మొదలుపెట్టిన మహానుభావుడు సగంలో వదిలేసి హైదరాబాద్ చెక్కేశాడు. ఆ గుదిబండ నా మెడకి పడింది. సరిగ్గా అప్పుడే తుపాను కూడా రావాలా!

మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. పేజీ తెరిస్తే ప్రతి బోటు పక్కనా ‘రాలేదు’ అనే ఉంది. మా ఆఫీసు ఊడ్చే ఆవిడ వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడింది. ఆవిడ భర్త వారం కిందట వేటకి వెళ్లాడు.

“ఏటి బాబూ, మా బోటు వచ్చీసిందా?”

“రాలేదని ఉందమ్మా.”

“మరి మా పక్కింటోల్లది?”

“అదీ రాలేదనే ఉంది.”

“ఓలమ్మా! ఇందాకే కిటికీలోంచి సూసినాను, ఆల్లు ఒడ్డున బోటుకి తాడు కట్టేత్తన్నారు. నీ డబ్బా తప్పు సెప్తంది బాబూ!” అని ఆవిడ నవ్వేసింది. పొద్దుట్నుంచీ ఆ మొహంలో నవ్వన్నది చూడలేదు.

నేను మాత్రం గడియారం చూసుకున్నాను. యజమానులు గంటలో పేజీ కావాలన్నారు. కోడంతా పైనుంచి కిందికి చదివాను. బోటు పేరుకి దాని కబురు జతచేసి పెట్టుకునే అమరికని అసోసియేటివ్ అరే అంటారు. ఆ కబురు మారేది కాబట్టి మనవాడు అక్కడ వేరియబుల్, అంటే విలువ మార్చుకోగల డబ్బీ లాంటిది, పెట్టాడు. బాగానే ఉంది. కానీ అరే కట్టిన క్షణంలో వేరియబుల్‌లో ఏముంటే అదే లోపలికి పోతుంది. తర్వాత వేరియబుల్ ఎంత మారినా అరేకి పట్టదు. ఈ ప్రబుద్ధుడు అన్ని వేరియబుల్స్‌లోనూ ‘రాలేదు’ అని పెట్టి, ముందే అరే కట్టేసి, వైర్‌లెస్ గది కబురుని దాని కింది లైన్లలో చదివించాడు. వాణ్ని తిట్టుకుంటూనే అరే లైన్లు కత్తిరించి కిందికి దించాను.

“ఉండమ్మా, ఇప్పుడు నిజం చెప్తుంది,” అన్నాను హుషారుగా. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

పేజీ మళ్లీ తెరిచాను. వచ్చింది, వచ్చింది, వచ్చింది. కళ్లు కిందికి పరిగెత్తాయి. ఒక్క పేరు దగ్గర ఆగిపోయాయి. వైర్‌లెస్ గదికి ఫోన్ చేశాను. ఆ బోటు పలకడం లేదన్నారు. 

ఆవిడకి చదువు రాదు. కానీ స్క్రీన్ మీదికి వంగి చూసి వేలు పెట్టింది.

“అదొక్కటీ యేరేగా ఉందేటి బాబూ?”

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

“మాదే కదా?”

తల ఊపాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా భుజం పట్టుకుంది. 

“ఇందాకటిలాగ పెట్టీయ్ బాబూ. అందరికీ ఒకేలాగుంటే నాను ఒక్కదాన్నే కాదు గదా.”

సరిచేసిన పేజీ ఇంకా నా మెషిన్‌లోనే ఉంది, బయటికి పంపలేదు. లైన్లు మళ్లీ పైకి జరిపాను. పేజీలో బోట్లన్నీ మళ్లీ ‘రాలేదు’ అయిపోయాయి. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుని నా పక్కనే నేల మీద కూర్చుంది. పేజీ ఏదని యజమానుల ఫోన్ మోగుతూనే ఉంది. నేను తియ్యలేదు.